పడగొట్టినవాడే లేపాలి

మా ఆయన నవ్వితే చప్పుడు రాదు. పెదాలు బిగించి భుజాలు కదుపుతాడు, అంతే. మనవలకు అది పెద్ద వేడుక. తాతకి నవ్వు వస్తాది గానీ బయటికి రాదని ఆటపట్టిస్తారు, మళ్ళీ మళ్ళీ నవ్వించి భుజాల మీద చేతులు వేసి చూస్తారు. నేను మాత్రం అటు చూడలేను. లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతాను. పెళ్ళయిన కొత్తలో ఆయన నవ్వితే వీధి చివర పడుకున్న కుక్కలు లేచేవి. ఆ నవ్వు ఏమైపోయిందో చెప్పాలంటే ముందు మా నాన్న గోదా సంగతి చెప్పాలి.

మా కన్నవారి ఊరి నుంచి చూస్తే రామతీర్థం కొండ కనిపిస్తుంది. వరి, చోళ్ళు పండించుకునే ఇల్లు మాది. నాన్నకు సేద్యం మీద ఎంత ప్రాణమో తాలింఖానా మీద అంత ప్రాణం. ఊరి మొగలో తాటాకుల పాక, పాకలో తవ్విన కుస్తీ గోదా. ఆ మట్టిని జల్లెడ పట్టి, పసుపు, నువ్వుల నూనె, పుల్లటి మజ్జిగ పోసి కలిపే పని నాది. మట్టి జల్లించడానికి పనికొచ్చే ఆడపిల్ల గోదాలో కాలు పెట్టడానికి మాత్రం పనికిరాదు. ఇదేం న్యాయమని అడిగితే, నా నోటితో నేను అందులో దిగితే ఇంకెవడూ మిగలడని నాన్న నవ్వి పోయేవాడు. ఒళ్ళు మండేది నాకు. వెదురు కంచె పట్టుకొని బయటే నిలబడి చూసేదాన్ని. వాళ్ళు చూడనివి కూడా చూసేదాన్ని.

ఆ గోదాలో ఒక కట్టుబాటు ఉండేది. పడగొట్టినవాడే లేపాలి. వెల్లకిలా పడినవాడు తనంతట తాను లేవకూడదు, చెయ్యి పైకి చాపి ఉండాలి. పడగొట్టినవాడు వచ్చి ఆ చెయ్యి పట్టుకొని లేపి, వీపు మీద మట్టి దులపాలి. అక్కడితో పందెం అయిపోయినట్టు. లేపేవాడు రాకముందే పడినవాడు లేచిపోయాడంటే, నీకూ నాకూ పొత్తు లేదని నలుగురిలో చెప్పినట్టు.

అలా తెగిన ఇద్దరు కలవడానికి కూడా ఒక దారి ఉండేది. ఆ రోజు లేపనివాడు పొద్దున్నే వచ్చి గోదాలో వెల్లకిలా పడుకొని చెయ్యి చాపాలి. రెండోవాడు వచ్చి ఆ చెయ్యి పట్టుకుంటే కలిసినట్టు, పట్టుకోకపోతే ఇక జన్మకు లేనట్టు. చెయ్యి చాపి ఉన్నంతసేపూ ఎవరూ నోరు మెదపకూడదు. పట్టుకోమనీ అనకూడదు, వద్దనీ అనకూడదు. ఆ సంగతితో సంబంధం లేనివాడు అప్పుడు గోదా అంచున నిలబడకూడదు, వెనక్కి తగ్గిపోవాలి. గట్టు తగాదాలో విడిపోయిన అన్నదమ్ములు అలా కలవడం చిన్నప్పుడు చూశాను. పెద్దవాడు చెయ్యి చాపి పడుకుంటే, చిన్నవాడు కంచె పట్టుకొని చాలాసేపు ఏడ్చి, అప్పుడు లోపలికి వెళ్ళాడు.

నాన్నకు ఆ గోదాలో అందరికన్నా ఇష్టమైనవాళ్ళు ఇద్దరు. ఒకడు నా అన్న. రెండోవాడు మా మేనత్త కొడుకు, తరవాత నన్ను చేసుకున్నవాడు. ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్ళు, చిన్నప్పటి నుంచీ అదే పిలుపు. అన్న పొడుగు, మా ఆయన పొట్టి. తూకంలో మాత్రం ఇంచుమించు ఒకటే. అన్నకు మాట తక్కువ, కొంటెతనం ఎక్కువ. మా ఆయనకు కోపమూ పెద్దదే, నవ్వూ పెద్దదే. పడినా నవ్వేవాడు, పడగొట్టినా నవ్వేవాడు. ఆ నవ్వు వినిపిస్తే కళ్ళంలో పనిచేసేవాళ్ళు, గోదాలో ఎవడో మట్టి కరిచాడని చెప్పుకునేవారు.

పెళ్ళయ్యాక మా ఆయనకు విజయనగరం దగ్గర గోనె మిల్లులో పని దొరికింది. మిల్లు లైన్లలో ఒక గది, ముందు చిన్న పంచ. వానలు లేని ఏడాది అన్న కూడా వచ్చి అదే మిల్లులో చేరాడు. మా పంచలోనే పడుకునేవాడు. మిల్లులో కలకత్తా నుంచి వచ్చిన మాస్టరు ఒకాయన ఉండేవాడు. పడుచుతనంలో బాక్సింగు ఆడినవాడట. క్లబ్బు రేకుల షెడ్డులో గోనెసంచి నిండా జనపనార చెత్త కూరి దూలానికి వేలాడదీసి, గుద్దమని చూపించేవాడు. మా ఆయన మొదటి రోజే ఆ సంచి కుట్టు విప్పేశాడు. మాస్టరుకు ఇక ఆనందం పట్టలేదు.

పందేలు మొదలయ్యాయి. అప్పట్లో మూడు రౌండ్ల ఆట, డబ్బుల ఊసు లేదు, గెలిస్తే పతకం. మొదటి పెద్ద పందెం విశాఖపట్నంలో. మా ఆయన రెండో రౌండులో ఎదుటివాణ్ణి ఒక్క గుద్దుతో పడగొట్టాడు. పడగొట్టి ఊరుకోలేదు. వెళ్ళి చెయ్యి పట్టుకొని లేపి, వీపు దులిపాడు. అందరూ గొల్లుమని నవ్వారట. పడినవాణ్ణి ముట్టుకోకూడదని, ఎవరూ లేని మూలకు వెళ్ళి నిలబడాలని, అప్పుడే రెఫరీ అంకెలు మొదలుపెడతాడని మాస్టరు ముందే చెప్పాడు. చెప్పినా ఏం లాభం, చెయ్యి మాట వినొద్దూ? మొదటిసారి తిట్టి వదిలేశారు. మళ్ళీ పడగొట్టి మళ్ళీ లేపితే ఓడినట్టు రాసేశారు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చొని కంచం వైపు చూస్తూ నన్నడిగాడు.

"పడగొట్టినోడిని లేపితే తప్పేటే? మరి ఆడినెవుడు లేపుతాడు?"

చారు వడ్డించి, తినమని చెప్పాను.

ఆ అలవాటు మాన్పించడానికి మాస్టరు ఒక ఉపాయం చేశాడు. షిఫ్టు దిగాక షెడ్డులో అన్నను పడమనేవాడు, మా ఆయనను మూలకు నడవమనేవాడు. పడటం, నడవడం, మళ్ళీ పడటం. లేపడానికి వంగితే మిల్లు గోడ చుట్టూ పరుగు. అన్న సంగతి తెలుసు కదా. పడిన ప్రతిసారీ వెల్లకిలా పడుకొని చెయ్యి పైకి చాపి, వేళ్ళు ఆడిస్తూ, లేపు బావా, మట్టంటుకుందని ఏడిపించేవాడు. మా ఆయన మూలకు పోయి, అక్కడ కట్టిన తాడు పట్టుకొని పగలబడి నవ్వేవాడు. మొదట్లో రోజూ వంగాడు, రోజూ పరుగెత్తాడు. పోనుపోను వంగడం మానేశాడు. నవ్వడం మాత్రం మానలేదు. చెయ్యి చాపి అన్న, మూలన నవ్వుతూ ఈయన, అదే వాళ్ళ ఆటైపోయింది. టీ పట్టుకెళ్ళి నేను కూడా నవ్వినదాన్నే.

ఆ తరవాత మా ఆయనకు తిరుగులేదు. మిల్లుల పందేలు గెలిచాడు, జిల్లా గెలిచాడు, ఖరగ్‌పూర్ వెళ్ళి రైల్వేవాళ్ళ మీద గెలిచాడు. పతకాలు దేవుడి గూట్లో పెట్టేదాన్ని. అన్న కూడా గెలిచేవాడు గానీ ఇంత పేరు రాలేదు. అప్పుడే బరంపురం నుంచి ఒక కాంట్రాక్టరు దిగాడు. ఊరూరా ఎగ్జిబిషన్లు పెట్టించేవాడు. జెయింటు వీలు, బావిలో మోటారు సైకిలు, వాటి పక్కన టిక్కెట్టు పెట్టి బాక్సింగు. గెలిచినవాడికి డబ్బూ, నడుముకు బెల్టూ. ఒకసారి డబ్బు తీసుకుని ఆడితే ఇక పతకాల పందేలకు రానివ్వరని మాస్టరు చెప్పి చూశాడు. ఇద్దరూ వినలేదు. నేనూ వద్దనలేదు, ఎందుకు అబద్ధం? చంకలో పిల్ల, ఒక్క గది.

నాన్నకు మాత్రం నచ్చలేదు. ఒంటిని అమ్ముకుంటే అమ్ముకోండి, నా మట్టి తొక్కకండి అన్నాడు. అన్నాడే గానీ, మా ఆయన బరంపురంలో ఐదుగురిని వరుసగా ఓడించి మొదటి బెల్టు తెచ్చినప్పుడు, దాన్ని చూడ్డానికి ఊరి నుంచి వచ్చింది ఆయనే. ఎర్ర ముఖమల్ గుడ్డ, ముందు అరచెయ్యంత ఇత్తడి బిళ్ళ. నేను చింతపండు పెట్టి తోమితే ముఖం కనిపించేది. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, బరువు చూసి, నా చేతిలో పెట్టాడు.

మరుసటేడు కాంట్రాక్టరుకు ఆ ఆలోచన వచ్చింది. విజయనగరం ఎగ్జిబిషన్లో పెద్ద బెల్టు, దానికి బావకూ బావకూ పందెం. అప్పటికి ఏజెన్సీలో గొడవలు ముదిరి, ఎక్కడ చూసినా పోలీసు లారీలు. జాతరకు కూడా పర్మిషన్ దొరకని రోజులు. ఆ కాంట్రాక్టరు ఎవరి కాళ్ళు పట్టుకున్నాడో, ఎగ్జిబిషన్‌కు మాత్రం దొరికింది. బావ గెలుస్తాడా, బావ గెలుస్తాడా అని గోడల నిండా అంటించాడు. ఊరు ఊరంతా ఒకటే నవ్వు. మా ఇద్దరు మగాళ్ళకూ అది పెళ్ళిపందిట్లో బావల సరసంలాగే ఉంది. ఒకరి మీద ఒకరు పసుపునీళ్ళు పోసుకోవడం ఎంతో, ఇదీ అంతే అనుకున్నారు. పరాయివాళ్ళయితే జాగ్రత్త పడేవాళ్ళేమో. వీళ్ళు బావలు కదా, భయం ఎందుకుంటుంది?

నువ్వే వైపు కూర్చుంటావని లైన్లలో ప్రతి ఆడదీ నన్ను అడిగింది. సరసాలాడాను గానీ, లోపల నాకు భయంగానే ఉండేది. అమ్మ పోయిన ఇల్లు మాది. నాన్నా, అన్నా తప్ప నాకు కన్నవారంటూ ఇంకెవరూ లేరు. ఇటు మొగుడు. వీళ్ళ మధ్య ఏదైనా తేడా వస్తే నేను ఏ గుమ్మంలోకీ తలెత్తుకొని వెళ్ళలేను. పందేనికి ముందు నాన్న వచ్చి, ఇద్దరినీ పంచలో ఎదురుగా కూర్చోబెట్టుకున్నప్పుడు, ఆయనకూ అదే భయమని అర్థమైంది.

"మీ ఆటలో లేపకూడదంట. సరే. ఆ పది లెక్కెట్టీసినాక లేపొచ్చు గదరా," అన్నాడు. "పడగొట్టినోడే లేపాల. నాకా మాటిచ్చి ఎల్లండి."

ఇద్దరూ ఆయన చేతిలో చెయ్యి వేశారు. మా ఆయన ముందు వేశాడు.

పందెం నాటి సాయంత్రం నేనూ మా అత్తా ఆడవాళ్ళ వైపు బల్లల మీద కూర్చున్నాం. ఆవిడకు ఒకడు కొడుకు, ఒకడు మేనల్లుడు. కొంగు నోట్లో కుక్కుకొని కూర్చుంది. నాన్న రాలేదు. మైదానం మధ్య పలకలతో కట్టిన అరుగు, చుట్టూ తాళ్ళు, పైన దీపాలు. మొదటి రౌండ్లు సరదాగానే సాగాయి. అన్న దొరక్కుండా తిరిగేవాడు, ఈయన గాలిని గుద్దేవాడు, జనం ఈలలు. తరవాత ఎవరో, ఇద్దరూ నాటకం ఆడుతున్నారు, డబ్బు వెనక్కిమ్మని అరిచారు. ఆ అరుపు మా ఆయనకు వినపడిందని నాకు తెలుసు. మెడ వెనక నరం ఉబ్బడం అంత దూరానికీ కనిపించింది.

ఆ గుద్దు ఎడమ కంటి మీద తగిలింది. అన్న నిలువునా వెనక్కి పడ్డాడు. ఈలలు ఆగిపోయాయి.  మా ఆయన వంగలేదు. నేర్పినట్టే మూలకు నడిచాడు. రెఫరీ వన్ అన్నాడు. అప్పుడు అన్న చెయ్యి లేచింది. పడుకున్నవాడు పడుకున్నట్టే, తోలు సంచీ తొడిగిన ఆ చెయ్యి మెల్లగా పైకి లేచి, మూలవైపు తిరిగి అలా నిలబడింది. మా ఆయన చూశాడు. చూసి, తాడు పట్టుకొని, తల వెనక్కి వేసి నవ్వాడు. అంత నిశ్శబ్దంలో ఆ ఒక్క నవ్వు. షెడ్డులో నవ్విన నవ్వే అది, ఏమీ తేడా లేదు. బావ ఏడిపిస్తున్నాడనుకున్నాడు ఆయన. నేనూ అనుకున్నాను. నా పెదాల మీదికి నవ్వు వచ్చింది కూడా. సెవెన్ అనేసరికి పోయింది.

టెన్ అనగానే జనం విరుచుకుపడ్డారు. కాంట్రాక్టరు మనుషులు తాళ్ళు దూకి మా ఆయనను భుజాల మీదికి ఎత్తేశారు. ముఖం మీద పూలదండలు, నడుముకు బెల్టు. ఆయన గింజుకుంటున్నాడు. ఒగ్గీండిరా, బావని లేపాల అని అరవడం నాకు తెలుస్తోంది గానీ, ఆ గోలలో ఎవరు వింటారు? అరుగు మీద అన్న చెయ్యి ఇంకా అలాగే ఉంది. ఎంతసేపుందో చెప్పలేను. తరవాత ఆ చెయ్యి కిందికి దిగింది. అన్న బోర్లా తిరిగి, తాడు వెతికి పట్టుకొని, తనే లేచాడు. మా అత్త చూసింది, మా ఊరివాళ్ళు చూశారు. మెట్లు ఒక్కొక్కటీ కాలితో తడుముకుంటూ దిగి, ఊరివాళ్ళ బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

పొద్దున్నే మా ఆయన ఊరికి పరుగెత్తాడు. నాన్న పాక గుమ్మంలోనే ఆపేశాడు. లేచినోడు లేచినాడు, ఇక ఆ సంగతి మాటల్తో తేలదు, గోదాలో తేలాలన్నాడు. అప్పుడే ఆ మట్టిలో పడుకొని చెయ్యి చాపి ఉంటే ఎలా ఉండేదో. కానీ ఈయనకు కోపం వచ్చింది. నన్ను జనం మోసుకుపోవడం ఆడు సూడలేదేటి, ఇంకాసేపు పడుకోలేకపోయినాడేటి అని గొణుక్కుంటూ తిరిగొచ్చాడు. అన్న మిల్లు మానేశాడు. వేసవిలో పెళ్ళి చేసుకున్నాడు. నన్ను ఒక్కదాన్నే రమ్మని కబురు వస్తే, నాకు ఎక్కడలేని రోషం వచ్చి వెళ్ళలేదు.

కాంట్రాక్టరు మా ఆయనను వెంటపెట్టుకొని మద్రాసు తీసుకెళ్ళాడు, కలకత్తా తీసుకెళ్ళాడు. ఇంకో బెల్టు వచ్చింది. పేపర్లో ఫోటో వచ్చింది. ఇంటికి మాత్రం ఒక వింత మనిషి వచ్చేవాడు. మధ్యాహ్నం పడుకుంటే నిద్రలో చెయ్యి పైకి లేచేది. నేను దించితే మళ్ళీ లేచేది. పిల్ల పలక మీద అంకెలు దిద్దుతూ వన్ టూ అని పైకి చదివితే, సగంలో లేచి వీధిలోకి పోయేవాడు. పాత గుడ్డలు ఉతికి దండెం మీద వేస్తే, గాలికి చొక్కా చెయ్యి లేచినప్పుడు నేను కూడా ఉలిక్కిపడేదాన్ని. మా గదిలో మాతోపాటు ఆ చెయ్యి కూడా కాపురం ఉండేది. దాని మాట ఎత్తడానికి ఇద్దరికీ ధైర్యం లేదు.

అన్నిటికన్నా పెద్ద బెల్టుకు కలకత్తాలో పందెం జరిగింది. గెలవాల్సిన పందెం. ఎదుటివాణ్ణి పడగొట్టాడు, వాడు కదల్లేదు. ఇక ఆ పది అంకెలూ అయిపోతే బెల్టు ఈయనదే. ఆరో, ఏడో అంకె దగ్గర, పడినవాడు తాడు అందుకుందామని చెయ్యి ఎత్తాడట. అంతే. మా ఆయన మూల వదిలేసి, రెఫరీని తోసుకుంటూ వెళ్ళి, ఆ చెయ్యి పట్టుకొని వాణ్ణి లేపి, వీపు దులిపాడు. ఆ వీపుకు మట్టేం లేదు. జనం కుర్చీలు విసిరారు. ఓడినట్టు చెప్పారు, ఉన్న బెల్టు లాక్కున్నారు, కాంట్రాక్టరు నోటికొచ్చినట్టు తిట్టి రైలెక్కించాడు. ఈయన ఇంటికొచ్చి, పెట్టె గుమ్మంలో పెట్టి, రేపు పొద్దున్నే మీ ఊరు ఎల్దాం అన్నాడు. నేను పిల్ల గుడ్డలు మూట కట్టాను.

మేము వెళ్ళేసరికి పాకలో కుర్రాళ్ళు కసరత్తు చేస్తున్నారు. మా ఆయన చొక్కా విప్పి కంచె మీద వేసి, గోదాకు దణ్ణం పెట్టి, లోపలికి వెళ్ళి అంచు దగ్గర వెల్లకిలా పడుకొని చెయ్యి చాపాడు. అందరూ నోళ్ళు మూసుకున్నారు. నాన్న లేచి నిలబడ్డాడు. నేను పిల్లను ఎత్తుకొని ఎప్పటిలాగే కంచె బయట ఉన్నాను. రోజూ ఆ వేళకు అన్న కుర్రాళ్ళకు పట్లు దిద్దడానికి వస్తాడట. వచ్చాడు. నడక మారింది, కాళ్ళు ఈడుస్తూ, తల ఎత్తి నడుస్తున్నాడు. ఎంత పొగరు వచ్చిందో అనుకున్నాను. గోదా అంచుకొచ్చి ఆగాడు. మా ఆయన చెయ్యి వాడి మోకాళ్ళకు ఎదురుగా ఉంది. వాడు కిందికి చూడలేదు. ఎదురుగా కంచె అవతల ఉన్న నన్ను చూశాడు. ముఖం విప్పారింది, ఏదో అనబోయాడు. చుట్టూ ఎవరూ మాట్లాడకపోవడం గమనించి ఆగిపోయాడు. తరవాత మెల్లగా వెనక్కి అడుగులు వేసి, తిరిగి, వెళ్ళిపోయాడు.

మా ఆయన తనే లేచాడు. వీపు నిండా పసుపు మట్టి. దులపడానికి ఎవరూ రాలేదు, నేను దులిపాను. ఈ సంగతి ఇక మన ఇంట్లో ఎవరూ ఎత్తకూడదని నాన్న అక్కడే నిలబడి చెప్పాడు. ఆయన మాట దాటేవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. నాకు కన్నవారిల్లు లేదనుకున్నాను ఆ రోజు. తోడబుట్టినవాడు నా ముఖం చూస్తూ నా మొగుడికి అంత అవమానం చేశాడే అని, దారి పొడుగునా తిట్టుకుంటూ నడిచాను. మా ఆయన మళ్ళీ మిల్లు పనికి వెళ్ళాడు.

తరవాతి శివరాత్రికి రామతీర్థం వెళ్ళాం. ఆయన పిల్లకు రంగులరాట్నం చూపించడానికి ఆగిపోతే, నేను ఒక్కదాన్నే గుళ్ళోకి వెళ్ళాను. అక్కడ మా వదిన కనిపించింది, అన్న పెళ్ళాం. అంతకుముందు ఒక్కసారైనా మాట్లాడుకున్నవాళ్ళం కాదు. ముఖం తిప్పుకొని పోబోతే చెయ్యి పట్టుకొని ఆపింది. కళ్ళు ఏడ్చి ఉన్నాయి. అన్నను పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి వచ్చామంది. పురిటికి వెళ్ళి కన్నవారింటి నుంచి వచ్చాక, పిల్లాణ్ణి చాప మీద పడుకోబెట్టమంటే చాప లేనిచోట పెట్టేశాడట. అప్పుడు అనుమానం వచ్చి నిలదీస్తే చెప్పాడట. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, కింద ఉన్నది కనిపించదు. కింది నుంచి నల్లటి తెర ఒకటి లేచినట్టుంటుంది. ఎడమ కంటికి విజయనగరం పందెం నాడే లేచిందట, కుడి కంటికి ఆ తరవాత. పెళ్ళి కుదిరి ఉంది కదా, పైకి చెబితే పిల్లనెవరిస్తారని దాచేశాడట. బావకు తెలిస్తే కుమిలిపోతాడని ఆ తరవాత కూడా దాచాడట. ఇప్పుడా తెర పైకి ఎక్కుతోంది, ఆలస్యమైపోయింది, ఇక చెయ్యగలిగింది లేదని డాక్టరు చెప్పాడట.

నేను ఇంకా ఆ మాటే మింగలేదు, ఆవిడ ఇంకో మాట అడిగింది.

"నాను కన్నోరింటికాడ ఉన్నప్పుడు నువ్వు గోదా కాడికొచ్చినావంట గదా వదినా. ఆయన ఎప్పుడూ అదే అంటాడు. ఆ రోజు ఎవులో సెయ్యి సాపుకొని ఉన్నట్టున్నారు, మనది కాని సంగతని ఎనక్కొచ్చీసినాను, సెల్లి ఒక్కర్తే నిలబడి ఉన్నాది, బావ రాలేదేటి అని. ఎందుకు రాలేదు వదినా?"

 అక్కడే గుడి మెట్టు మీద కూలబడ్డాను. వదిన భయపడి నీళ్ళు తెచ్చింది.

మా ఆయనకు రంగులరాట్నం దగ్గరే చెప్పాను. ఎలా చెప్పానో నాకే తెలియదు. ఆయన పిల్లను నా చేతికిచ్చి, పొలాల గట్ల మీద పడి మా ఊరివైపు నడక మొదలుపెట్టాడు. నేనూ వదినా వెనకాల పరుగెత్తాం. అన్న ఇంటి అరుగు మీద కూర్చొని ఉన్నాడు. మా ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడగానే, ముఖం ఎత్తి చూసి పోల్చుకున్నాడు. ఇన్నాళ్ళకి దారి తెలిసిందేటి బావా అన్నాడు. మా ఆయన చెయ్యి చాపాడు. అన్నకు అది కనిపించలేదు. ఆ చెయ్యి అలా గాల్లోనే ఉంది. మళ్ళీ అదే చూడటం నా వల్ల కాలేదు. అన్న చెయ్యి తీసుకొని అందులో పెట్టాను. నాన్న గుమ్మంలోకి వచ్చి, చూసి, గోడకు చేరబడిపోయాడు.

మా ఆయన ఏడుస్తున్నాడు. అన్న ఆయనను ఓదార్చడానికే చెప్పాడు ఆ మాట. ఎప్పటిదో పాత సరదా చెప్పినట్టు మామూలుగా చెప్పాడు.

"పోనిద్దూ బావా. నువ్వేటి సేస్తావు, నిన్ను మోసుకెల్లిపోయినారంట గదా. పడీసరికి నాకంతా సీకటైపోయింది. ఎటు తలో ఎటు కాలో తెల్లేదు. బయమేసింది. అప్పుడు నువ్వు నవ్వినావు. ఆ నవ్వు ఇనీసి, బావ ఇటే ఉన్నాడు, లేపుతాడులే అని అటేపు సెయ్యి సాపినాను."

చెప్పి, ఆయన నవ్వుతాడేమోనని కాసేపు ఆగాడు. మా ఆయన నవ్వలేదు. ఆ రోజు నుంచి ఇప్పటివరకూ ఆయన గొంతులోంచి నవ్వు చప్పుడు నేను వినలేదు.

రెండేళ్ళు తిరక్కుండానే అన్నకు చూపు మొత్తం పోయింది. మేము తరచూ వెళ్ళేవాళ్ళం. గుమ్మంలో అడుగుల చప్పుడు వినగానే అన్న తల పక్కకు వంచి, ఆ నవ్వు కోసం చెవి ఒగ్గి కూర్చునేవాడు. మా ఆయన దగ్గరికి వెళ్ళి, చెయ్యి పట్టుకొని, నేనే బావా, వచ్చినాను అని చెప్పాల్సి వచ్చేది.